ఆశ్రమంలో ఉన్న మా అక్క పిల్లల్ని ఇంటికి తెచ్చుకోవాలంటే ఏం చేయాలి?

అడిగినవారు: చిత్తూరు చిన్నమ్మ

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు దగ్గర పల్లె. మా అక్క జబ్బు చేసి పోయింది, బావ బెంగళూరులో ఇంకో పెళ్లి చేసుకున్నాడు, పిలకాయల సంగతి పట్టించుకోడు. అప్పట్లో నాకు చంకలో బిడ్డ, మా అమ్మ మంచం మీద ఉండింది, ఎవరో చెబితే ఇద్దర్నీ తిరుపతిలో ఒక ఆశ్రమంలో చేర్చారు. పాపకిప్పుడు పన్నెండేళ్లు, బాబుకి పది. మొన్నటిదాకా ఇద్దరూ ఒకే చోట ఉన్నారు కాబట్టి కొంచెం ధైర్యంగా ఉండేది. పదేళ్లు నిండాయని బాబుని వేరే మగపిల్లల హోమ్‌కి మార్చారు. పాపని చూడ్డానికి వెళ్తే తన గురించి ఏమీ చెప్పదు, "రాత్రిపూట వాడికి దుప్పటి ఎవరు కప్పుతారు చిన్నమ్మా" అని అదే అడుగుతుంది.

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, మా ఆయన ఆటో తోలతాడు. తెచ్చుకుందామంటే ఆయనా సరే అన్నాడు. ఆశ్రమం వాళ్లేమో "ఇక్కడ ఇంగ్లీషు మీడియం, మూడు పూటలా తిండి, అవన్నీ మీవల్ల అవుతుందా, బాగా ఆలోచించుకోండి" అంటున్నారు. చుట్టాలదీ అదే మాట. ఒకటే టెన్షన్. అడిగితే పంపిస్తారా, కోర్టుకు పోవాలా? గవర్నమెంటు సాయం ఏమైనా ఉందా?

జవాబు: పిల్లల సంరక్షణ పనిలో ఉన్నాను, తిరుపతి

అమ్మా, కోర్టు అక్కర్లేదు. పంపాలా వద్దా అన్నది ఆశ్రమం వాళ్ల చేతిలో కూడా లేదు, అది సీడబ్ల్యూసీ, అంటే బాలల సంక్షేమ కమిటీ నిర్ణయం. 2015 జువైనల్ జస్టిస్ చట్టంలోనే ఉంది, పిల్లల్ని హోమ్‌లో పెట్టడం వేరే దారేదీ లేనప్పుడు చేసే పని. చిన్నమ్మ, అవ్వ ఉండి, తీసుకుంటామని ముందుకొస్తుంటే "మీ దగ్గర డబ్బు లేదు కదా" అన్నది కారణం కానే కాదు.

పిల్లలు ఉన్నది తిరుపతిలో కాబట్టి తిరుపతి జిల్లాని చూసే సీడబ్ల్యూసీకి అర్జీ రాసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు వేరయ్యాక చాలామంది ఇక్కడే తికమకపడుతున్నారు. అర్జీ అక్కడ, మీ ఇంటికొచ్చి చూసి రిపోర్టు రాసేది మాత్రం చిత్తూరు డీసీపీయూ, అంటే జిల్లా బాలల రక్షణ విభాగం వాళ్లు. వాళ్లు వచ్చినప్పుడు ఇల్లు చిన్నదని కంగారు పడొద్దు, చూసేది పిల్లలు ఎక్కడ పడుకుంటారు, ఏ బడికి పోతారు, ఇంట్లో తాగి గొడవ చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఇవే. మీ బావని కూడా పిలిపించే ప్రయత్నం చేస్తారు, దానికి కొంత టైం పడుతుంది. పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి వాళ్ల ఇష్టం కూడా అడుగుతారు, అడగాలి.

సాయం ఉంది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద స్పాన్సర్‌షిప్ అని ఒక్కో బిడ్డకి నెలకు 4,000 రూపాయలు. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకి కూడా వర్తిస్తుంది. ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. తహసీల్దార్ ఆఫీసు నుంచి ఆదాయ ధ్రువపత్రం, మీ అక్క మరణ ధ్రువపత్రం, పిల్లల ఆధార్, స్టడీ సర్టిఫికెట్ ఇప్పుడే సిద్ధం చేసుకోండి. జిల్లా కమిటీ ఆమోదించాలి, కాబట్టి మొదటి నెల నుంచే పడుతుందని లెక్క వేసుకుని అప్పు మాత్రం చేయకండి.

జవాబు: హోమ్‌లోనే పెరిగాను

అక్కా, తెచ్చుకోండి. మా హోమ్ మంచిదే, ఎవరూ కొట్టలేదు, ఇంటర్ దాకా చదివించారు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ పద్దెనిమిది నిండి బయటికొచ్చి ఫ్రెండ్స్‌తో తిరుపతిలో రూమ్ తీసుకున్నప్పుడు ముగ్గురికి అన్నం వండాలంటే ఎన్ని గ్లాసుల బియ్యం పోయాలో నాకు తెలీదు. బియ్యం కడగడమే దగ్గరగా చూడలేదు, గంట కొడితే కంచం పట్టుకుని లైన్లో నిలబడటమే తెలుసు. పెళ్లికి పిలిస్తే ఏం చదివించాలి, చావింటికి పోతే ఏం మాట్లాడాలి, జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి ఏ మీడియంలోనూ చెప్పరు. ఆదివారం వస్తే ఎవరో కేకు తెచ్చేవాళ్లు, వాళ్ల పిల్లల పుట్టినరోజుకి మేం చప్పట్లు కొట్టి ఫొటో దిగేవాళ్లం. వాళ్ల మనసు మంచిదే, కాదనను. మా పుట్టినరోజు మాత్రం రిజిస్టర్లో ఉండేది, అంతే. హోమ్ నుంచి వచ్చినవాళ్లకి 21 ఏళ్ల వరకు సాయం చేసే ఏర్పాటు చట్టంలో ఉందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

మీ పాప తమ్ముడి దుప్పటి గురించి అడుగుతోందంటే, వాళ్లిద్దరి మధ్య ఆ బంధం ఇంకా గట్టిగా ఉంది. దాన్ని తెగనివ్వకండి.

జవాబు: పలమనేరు టీచర్

నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, ఏమనుకోకండి. ఇంటికి పంపడం మంచిదే, తొందరగా పంపడం మంచిది కాదు. 2020లో కరోనా అప్పుడు హోమ్‌ల నుంచి పిల్లల్ని ఉన్నపళంగా ఇళ్లకు పంపేశారు. మా ఊరికి అలా వచ్చిన ఒక ఆడపిల్ల మళ్లీ బడి మొహం చూడలేదు. ఇంట్లో వాళ్లు టమోటా కోతలకు తీసుకెళ్లారు, పదహారు నిండకుండానే మేనమామకి ఇచ్చి చేశారు. ఆ ఇంటికెళ్లి ఎలా ఉన్నావమ్మా అని అడిగిన అధికారి ఒక్కరు లేరు. వాళ్లకూ నెలకింత సాయం అందుతూ, ఎవరో ఒకరు వచ్చి పోతూ ఉంటే ఆ పిల్ల ఈపాటికి డిగ్రీలో ఉండేది, నాకు ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది.

మీరలా చేస్తారని కాదు చెల్లెమ్మా. ముందు కమిటీ అనుమతితో దసరాకి, సంక్రాంతికి తెచ్చుకుని కొన్నాళ్లు ఉంచుకోండి. మీ బిడ్డకి కూడా ఇల్లు పంచుకోవడం కొత్తే, మూతి ముడుచుకుంటుంది, అది సహజం. ఇంటి పనులన్నీ పెద్దదాని మీద పడకుండా చూసుకోండి. బడి ముందే మాట్లాడి పెట్టండి. టీసీ ఆలస్యమైందని గవర్నమెంటు బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు, విద్యాహక్కు చట్టం ఆ మాట స్పష్టంగా చెప్పింది. ఇబ్బందేదైనా వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, పాపకి కూడా ఆ నంబర్ నేర్పండి.

చిత్తూరు చిన్నమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్. మా ఆయనకి, అమ్మకి అన్నీ చదివి వినిపించాను. ఆదాయ సర్టిఫికెట్‌కి రేపు సచివాలయంలో అప్లై చేస్తాం. ఒక్కటే డౌట్. బాబుని ముందు తెచ్చుకుని, పాపని ఈ ఏడాది చదువు అయ్యాక తెచ్చుకుంటే బాగుంటుందా?

పిల్లల సంరక్షణ పనిలో ఉన్నాను, తిరుపతి

వద్దమ్మా, ఇద్దరికీ ఒకే అర్జీలో రాయండి. విడివిడిగా అడిగితే ఒకరిది ముందు తేలి, రెండోది ఆగిపోయే ప్రమాదం ఉంది, పైగా తమ్ముణ్ణి తీసుకెళ్లి తనని వదిలేశారని పాప అనుకుంటుంది. చదువు పాడవుతుందనిపిస్తే ఇద్దర్నీ వేసవి సెలవుల్లో తెచ్చుకుంటామని రాయండి, ఈలోపు సెలవులకి పంపమని అడగండి. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.