చర్చ: కుష్ఠు నయమైన వారికి విడిగా ఉపాధి కేంద్రం పెట్టాలా, నలుగురితో పాటు పని ఇప్పించాలా?

పెన్నాతీరం (నెల్లూరు):

కుష్ఠు వ్యాధి నయమైనా చేతుల్లో, కాళ్లలో వైకల్యం మిగిలిపోయిన వారి కోసం పట్టణ శివారులో ఒక ఉపాధి కేంద్రం పెట్టాలని మేము కొందరు మిత్రులం అనుకుంటున్నాము. స్థలం ఇవ్వడానికి ఒక దాత ముందుకు వచ్చారు. కుట్టుపని, కొవ్వొత్తులు, విస్తరాకుల తయారీ అక్కడే నేర్పి, తయారైన సరుకును మేమే అమ్మిపెట్టాలని ఆలోచన. బయటి యజమానులు వీరిని ఎలాగూ చేర్చుకోరు కనుక, వీరికంటూ ఒక చోటు ఉండడమే మేలని నా అభిప్రాయం. 1949లో మహారాష్ట్రలోని వరోరా దగ్గర సంఘసేవకుడు బాబా ఆమ్టే కుష్ఠు బాధితుల కోసం ఆనందవన్ ఆశ్రమం స్థాపించింది కూడా ఇటువంటి ఉద్దేశంతోనే కదా. సభ్యులు తమ అభిప్రాయం తెలపగలరు.

పాత పారామెడికల్ (కావలి):

పెన్నాతీరం గారూ, మీ ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు గానీ, మీరు ఎంచుకున్న పనులు చూసి ఉలిక్కిపడ్డాను. కుష్ఠు క్రిమి నరాలను దెబ్బతీస్తుంది. మోచేతి దగ్గరి నరం దెబ్బతింటే ఉంగరపు వేలు, చిటికెన వేలు లోపలికి ముడుచుకుపోవడమే కాక, ఆ వైపు అరచేతికి వేడి, నొప్పి తెలియకుండా పోతాయి. మందులు క్రిమిని చంపుతాయి కానీ, చాలాకాలం క్రితం చచ్చిపోయిన స్పర్శను తిరిగి తేలేవు. అటువంటి చేతులకు మరిగే మైనం పని అప్పగిస్తే, బొబ్బ లేచిన సంగతి ఆ మనిషికి కంటితో చూస్తే తప్ప తెలియదు. బీడీ చివరికంటా కాలి, వేళ్ల సందు ఉడికిపోయినా గమనించని వారిని నా ఉద్యోగకాలంలో ఎందరినో చూశాను. కుట్టుమిషను దగ్గర సూది సంగతీ అంతే.

వేళ్లు ఊడిపోవడానికి కారణం వ్యాధి మాంసాన్ని తినేయడం కాదనీ, నొప్పి తెలియక పదేపదే తగిలే గాయాలేననీ రాయవెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లోనే గుర్తించారు. ముడుచుకున్న వేళ్లు మళ్లీ పని చేసేటట్లు కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులను (టెండన్లను) మార్చి అమర్చే శస్త్రచికిత్సను ఆయన అక్కడే అభివృద్ధి చేశారు. కాబట్టి ఏ పని అన్నది తేల్చుకునే ముందు, ఒక్కొక్కరి చెయ్యీ పాదమూ ఎంతవరకు పనిచేస్తున్నాయో పరీక్షించాలి. ఇందుకు దూరం వెళ్లనక్కరలేదు, నెల్లూరులోనే కుష్ఠు బాధితుల కోసం పనిచేసే డామియన్ ఫౌండేషన్ కేంద్రం ఉంది.

ఆనందవన్ సంగతికి వస్తే, అది ఊళ్లు వీరిని తరిమేసిన రోజుల్లో పుట్టింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను (ఒకటికి మించి మందులు కలిపి ఇవ్వడాన్ని) సిఫారసు చేసిన తరువాత, తక్కువ మచ్చలు ఉన్నవారికి 6 నెలల్లో, ఎక్కువ ఉన్నవారికి 12 నెలల్లో చికిత్స ముగిసిపోతోంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే వ్యాధి ఇతరులకు సోకే ప్రమాదం పోతుంది. వైద్యపరంగా వేరుగా ఉంచవలసిన కారణమే లేనప్పుడు, మనమే చేజేతులా ఇంకో గోడ ఎందుకు కట్టాలి?

రాతిపని (చీమకుర్తి):

నేను గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నాను. మాటలు చెప్పడం తేలిక. మా షెడ్డులో నేలంతా నీళ్లు, రాతి ముక్కలు. పాదానికి స్పర్శ లేని మనిషి పెచ్చు మీద కాలు వేసి, రక్తం కారుతున్నా నడుస్తూనే ఉంటాడు. ప్రమాదం జరిగితే నష్టపరిహారం కట్టవలసింది నేను. కొన్నేళ్ల క్రితం వ్యాధి నయమైన ఒకాయనను రాత్రి కాపలాకు పెట్టుకున్నాను. పనిలో ఏ లోపమూ లేదు. కానీ ఆయన గ్లాసు పెట్టిన బల్ల మీద టీ తాగడానికి మిగతావారు ఒప్పుకోలేదు. నేను పొమ్మనలేదు, ఆయనే మానేసి వెళ్లిపోయారు. విడిగా కేంద్రం ఉంటే కనీసం ఆ అవమానం ఉండదు కదా.

కాలనీ అమ్మాయి (ఒంగోలు):

నేను కుష్ఠు బాధితులు విడిగా ఉండే కాలనీలోనే పుట్టి పెరిగాను. మా నాన్నగారికి రెండు అరచేతులకూ స్పర్శ లేదు. గరిటె కాడకు గుడ్డ చుట్టుకుని వంట చేస్తారు. రోజూ రాత్రి కాళ్లు నీళ్లలో నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని రుద్ది, నూనె రాసి, చిన్న అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుంటారు. ఇంత జాగ్రత్తగా ఉండే మనిషిని పనిలో అజాగ్రత్తగా ఉంటాడని అనుమానించడం నాకు వింతగా ఉంటుంది.

రాతిపని గారూ, ఆ అవమానం మీ కాపలా మనిషి వల్ల కలగలేదు, టీ బల్ల దగ్గర ఉన్నవారి వల్ల కలిగింది. వారు ఉన్నచోటే ఉన్నారు, ఆయన జీతం పోయింది. పెన్నాతీరం గారి కేంద్రం కూడా అదే లెక్కకు వస్తుంది. "కుష్ఠు వారు చేసిన కొవ్వొత్తులు" అని బోర్డు పెడితే జాలితో ఒకసారి కొంటారు, రెండోసారి ఆ వైపు రారు. పైగా మా తరం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నాకు వ్యాధి లేదు, డిగ్రీ ఉంది. అయినా ఒక దుకాణంలో లెక్కలు రాసే పనికి వెళ్తే చిరునామా చూడగానే, తరువాత కబురు చేస్తామన్నారు. జీవిత భాగస్వామికి కుష్ఠు ఉందని విడాకులు కోరవచ్చన్న నిబంధనే మన చట్టాల్లోంచి 2019 దాకా పోలేదు, ఇక దుకాణాలవారిని అని ఏం లాభం!

ఇంకొక మాట. బహుళ వైకల్యం ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వం 2024 నుంచి నెలకు 6,000 రూపాయల పింఛను ఇస్తోంది. బ్యాంకు ఖాతాలో జీతం కనిపిస్తే అది ఎక్కడ ఆగిపోతుందోనని మా కాలనీలో చాలామంది పని అడగడానికే జంకుతారు. ఏ పనికి పిలిచినా ముందు ఆ భయం తీర్చాలి.

పాత పారామెడికల్ (కావలి):

అమ్మా, చక్కగా చెప్పావు. రాతిపని గారి భయంలో సగం నిజం ఉంది. స్లాబు కోసే చోట వీరిని పెట్టమని నేనూ అనను. రొయ్యల ప్లాంటులో తలలు తీసే పనికీ పంపను. ఐసులో గంటల తరబడి చేతులు పెట్టడం, ముళ్లు గుచ్చుకోవడం వారికి చేటు. పుండు ఉన్న చేతితో ఆహార పదార్థాలు ముట్టుకోకూడదన్నది ఎవరికైనా వర్తించే నియమమే. కానీ మన రెండు జిల్లాల్లో అంతకు మించి పనులు లేవా? వేబ్రిడ్జి దగ్గర బిల్లులు, గేటు రిజిస్టరు, చెరువుల దగ్గర మేత బస్తాల లెక్క, రైస్ మిల్లులో గుమాస్తా పని ఉన్నాయి. పని చేసేవారికి మెత్తటి అడుగు ఉన్న ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు, పనిముట్ల పిడికి మందపాటి తొడుగు ఉంటే చాలావరకు సరిపోతుంది.

చట్టం కూడా చేతిలో ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కుష్ఠు నయమైనవారిని పేరు పెట్టి చేర్చింది. ప్రభుత్వ కొలువుల్లో వికలాంగులకు ఉన్న 4 శాతం రిజర్వేషనులో వీరూ భాగస్వాములే. ప్రైవేటు సంస్థలు తమ సిబ్బందిలో 5 శాతం మేర వికలాంగులను చేర్చుకునేలా ప్రోత్సాహకాలు ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది. చిక్కల్లా ధ్రువపత్రం దగ్గరే. రిజర్వేషనుకు 40 శాతం వైకల్యం చూపాలి, స్పర్శ మాత్రమే పోయినవారు ఆ గీతకు ఇవతలే ఆగిపోవచ్చు. దాత గారి డబ్బును గోడలకు కాక ధ్రువపత్రాల కోసం తిరగడానికీ, చెప్పులకూ, కాలనీ పిల్లలను విజయనగరంలోని లెప్రసీ మిషన్ వృత్తి శిక్షణ కేంద్రానికి పంపడానికీ ఖర్చు పెట్టమని నా సలహా.

పెన్నాతీరం (నెల్లూరు):

కొవ్వొత్తుల ఆలోచన మానుకుంటున్నాము. అయితే, వయసు మళ్లి, వేళ్లు పూర్తిగా పోయినవారిని ఏ వేబ్రిడ్జి వారు తీసుకుంటారు? వారికోసమైనా ఒక చిన్న షెడ్డు అవసరమనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

రాతిపని (చీమకుర్తి):

మా వేబ్రిడ్జి దగ్గర రాత్రి షిఫ్టుకు ఒక మనిషి కావాలి. కంప్యూటరులో బిల్లు కొట్టగలగాలి. జీతం మిగతావారితో సమానంగా ఇస్తాను. కానీ టీ దగ్గర మళ్లీ గొడవ వస్తే నేను సర్దలేను.

కాలనీ అమ్మాయి (ఒంగోలు):

జీతం ఇచ్చేది మీరే కనుక, సర్దవలసిందీ మీరే. షిఫ్టు వేళలు, చీమకుర్తి నుంచి రాత్రి తిరుగు బస్సు సంగతి తెలియజేయండి. కాలనీలో ఇద్దరికి టైపింగ్ వచ్చు, ఈ రాత్రే అడుగుతాను.