క్లబ్బు సంవత్సరాంతపు విందులో విద్యార్థుల బృందగానం: కార్యక్రమాన్ని ఎలా కూర్చుకోవాలి?

ప్రశ్న: సేవా క్లబ్బు కార్యదర్శి, మిర్యాలగూడ

అందరికీ నమస్కారం. రైసు మిల్లుల యజమానులు, వైద్యులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు సభ్యులుగా ఉన్న మా క్లబ్బు ఏటా డిసెంబరు చివరి వారంలో కుటుంబాలతో కలిసి ఒక విందు జరుపుకుంటుంది. క్రిస్మస్ కేకు కోసి, కొత్త సంవత్సరపు శుభాకాంక్షలు చెప్పుకొని, సంక్రాంతి ఇంకా రాకముందే సకినాలూ అరిసెలూ పంచుకొని ఇళ్లకు వెళ్తాము. ఇంతకాలం సంగీతమంటే ఫంక్షన్ హాలు వారు వేసే సినిమా పాటలే. ఈసారి మాత్రం ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల, ఒక మిషనరీ పాఠశాల కలిపి సుమారు నలభై మంది విద్యార్థుల చేత బృందగానం చేయించాలని తీర్మానించుకున్నాము. దాతలకు పాసులు అమ్మి, ఆ డబ్బుతో హాస్టల్ పిల్లలకు దుప్పట్లు కొనాలన్న ఆలోచన కూడా ఉంది.

పిల్లల చేత ఏ వేళకు పాడించాలి, ఎలాంటి పాటలు ఎంచుకోవాలి, మైకులు ఎలా పెట్టించాలి, ఏయే అనుమతులు తీసుకోవాలి అన్నవి నా సందేహాలు. ముఖ్య అతిథి వచ్చేవరకు జనం లేచిపోకుండా కూర్చోబెట్టడానికి పిల్లల పాటలు పనికివస్తాయని మా అధ్యక్షుల వారు అంటున్నారు. నాకు ఆ మాట నచ్చలేదు గాని, కాదనడానికి నా దగ్గర సరైన కారణాలు లేవు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: క్లబ్బు మాజీ అధ్యక్షుడు, నల్లగొండ

కార్యదర్శి గారూ, మీకు నచ్చకపోవడమే సరైనది. మన జిల్లాల్లో ఆహ్వాన పత్రికలో ఆరు గంటలని వేసిన సభకు ఏడున్నరకు గాని జ్యోతి వెలిగించరు. ఆ గంటన్నర సేపు పిల్లలు యూనిఫారాలతో మెట్ల మీద కూర్చుంటారు. అతిథి కారు గేటు దాటగానే పాడుతున్న పాటను చరణం మధ్యలో ఆపించి, అందరూ పూలదండలతో ద్వారం వైపు పరుగెత్తుతారు. ఆ తరువాత వేదిక మీదికి ఆహ్వానాలు, శాలువాలు, జ్ఞాపికలు, పదవిలో ఉన్న ప్రతివారి ప్రసంగమూ ముగిసేసరికి పిల్లలకు నిద్ర, వినేవారికి ఆకలి ముంచుకొస్తాయి. ఇది ఎవరో ఒకరి లోపం కాదు, మన సభల అలవాటే అంత.

మీ క్లబ్బు ఏ అంతర్జాతీయ సంస్థకు అనుబంధమో మీరు రాయలేదు. లయన్స్ అయితే మీ అధ్యక్షుల వారికి ఒక్క సంగతి గుర్తు చేయండి. 1917లో షికాగోలో మెల్విన్ జోన్స్ ఆ సంస్థకు రూపం ఇచ్చినప్పుడు, వ్యాపారులు తమ వ్యాపార లాభం కోసమే కలుసుకోవడం చాలదని, ఊరి మేలు కోసం కూడా కలవాలని వాదించారు. అటువంటి సంస్థ విందులో ఊరి పిల్లలను ఖాళీ సమయం నింపడానికి వాడుకోవడం ఏమి శోభ?

నా సలహా ఏమిటంటే, కార్డులో వేసిన సమయానికే గంట మోగించి, పిల్లల పాటతోనే సభను మొదలుపెట్టండి. అతిథి ఆలస్యమైతే వచ్చి వెనుక వరుసలో కూర్చుంటారు, పాట పూర్తయ్యాకే స్వాగతం చెబుతారు. ఈ సంగతి ఆహ్వానించేటప్పుడే ఫోనులో మర్యాదగా చెప్పితే ఎవరూ నొచ్చుకోరు. ప్రసంగాలు పెరుగుతాయన్న భయం ఉంటే ఆ బాధ్యత మీ టెయిల్ ట్విస్టర్‌కు అప్పగించండి. సరదా జరిమానాలు వేసే పదవి అది. మైకు వదలని వారి వద్ద వసూలు చేసిన ప్రతి రూపాయీ దుప్పట్ల నిధికే పోతుంది. చివర జాతీయ గీతాన్ని సౌండు వారి పెన్‌డ్రైవ్ నుంచి వేయించకుండా పిల్లల చేతనే పాడించవచ్చు కదా అనిపిస్తుంది గాని, వాళ్లను అప్పటిదాకా ఆపవద్దు. 52 సెకన్ల గీతమే కదా, సభ్యులే నిలబడి పాడవచ్చు.

జవాబు: సంగీత ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్

పాటల విషయం నేను చెబుతాను. రెండు పాఠశాలల పిల్లలను ఒకచోట కలిపినప్పుడు మొదట వచ్చే చిక్కు శృతి. మిషనరీ పాఠశాల పిల్లలు కీబోర్డుకు అలవాటుపడి, రెండు మూడు స్వర భాగాలుగా విడిపోయి పాడగలరు. ప్రభుత్వ పాఠశాల పిల్లలు ప్రార్థన సమయంలో ఎవరు ఎత్తుకుంటే వారి శృతికే పాడడం నేర్చుకుని ఉంటారు. అందుచేత తక్కువ వ్యవధిలో అందరి చేతా భాగాలుగా పాడించాలని ప్రయత్నించకండి. పల్లవి అందరూ ఒకే స్వరంలో పాడి, ఒక్క చరణంలో మాత్రం మిషనరీ పాఠశాల పిల్లలు పై భాగం అందుకుంటే చాలు, వినేవారికి నిండుగా ఉంటుంది.

ఉపాధ్యాయులు తమ గొంతుకు అనువైన శృతిలో హార్మోనియం పట్టుకుని నేర్పడం వల్లనే పిల్లలు పై స్వరాల దగ్గర అరుస్తారు. పాటలో అన్నిటికంటే పైనున్న స్వరాన్ని ముందుగా పిల్లల చేత పాడించి చూడండి. మెడ నరాలు బిగుస్తుంటే శృతి అర మెట్టు దించండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల అబ్బాయిలలో కొందరికి గొంతు మారుతూ ఉంటుంది. వారిని పక్కన పెట్టవద్దు, పై చరణాలు వదిలి పల్లవి పాడనివ్వండి, లేదా కంజీర ఇవ్వండి. డప్పు మాత్రం హాలులో వద్దు, నలభై గొంతులను ఒక్క డప్పు మింగేస్తుంది.

పాటలు నాలుగు చాలు. ఒక క్రిస్మస్ కీర్తన, ఒక దేశభక్తి గీతం, మన రాష్ట్ర గీతం, ఒక జానపదం. జానపదమంటే అందరూ బతుకమ్మ పాట అంటారు. డిసెంబరులో అది కాలం కాని పాట. మీది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు కదా, యాసంగి నాట్లు దగ్గరపడే రోజులవి. పిల్లల అమ్మమ్మలూ నానమ్మలూ నాట్లలో పాడిన పాట ఒకటి ఇంటి నుంచే తెప్పించండి. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకునే పాట కాబట్టి అది బృందగానానికి పుట్టుకతోనే సరిపోతుంది.

ఇక మైకులు. ఫంక్షన్ హాలు గోడలూ గ్రానైటు నేలా ఇప్పటికే శబ్దాన్ని తిప్పికొడుతుంటాయి, దానికి తోడు సౌండు వారు అలవాటుగా ఎకో పెంచుతారు. దానిని పూర్తిగా తీసివేయించండి. చేతి మైకును ఒక పిల్లవాడి నుంచి మరొకరికి అందించే పద్ధతి మానుకోండి, ఎవరి దగ్గర మైకు ఉంటే వారి గొంతే వినిపిస్తుంది. పిల్లలను మూడు వరుసలుగా నిలబెట్టి, ముందు వరుసకు సుమారు మూడు అడుగుల దూరంలో, తలల కంటే కొంచెం ఎత్తున స్టాండు మీద రెండు మైకులు పెట్టించండి. మైకు నుంచి పాడేవారికి ఎంత దూరమో, దానికి కనీసం మూడింతలు ఒక మైకుకూ మరొక మైకుకూ మధ్య ఉండాలి. లేకపోతే ఒకే గొంతు రెండింటిలోనూ పడి, శబ్దం పీలగా వస్తుంది.

జవాబు: న్యాయవాది, నాగర్‌కర్నూల్

పాసుల సంగతి ఎవరూ ఎత్తలేదు. అసలు జాగ్రత్త అక్కడే అవసరం. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52 ప్రకారం, ఔత్సాహిక సంఘం ఒకటి డబ్బు చెల్లించని ప్రేక్షకుల ముందు పాటలు పాడించుకుంటే అది ఉల్లంఘన కాదు. విద్యాసంస్థల్లో విద్యార్థులు పాడడానికి వేరే మినహాయింపు ఉంది గాని, ప్రేక్షకులు ఆ పాఠశాల సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, పాఠశాల కార్యకలాపాలతో సంబంధం ఉన్నవారికే పరిమితమైనప్పుడే అది వర్తిస్తుంది. మీ విందు దాని కిందికి రాదు. కాబట్టి ప్రవేశానికి పాసు అమ్మితే మొదటి మినహాయింపు కూడా మీ చేతి నుంచి జారిపోతుంది. వచ్చిన డబ్బు దుప్పట్లకే పోతుందన్న వాదన ఇక్కడ అక్కరకు రాదు.

మార్గం సులభమే. ప్రవేశం ఉచితమని కార్డులో వేసి, హాలులో విరాళాల పెట్టె పెట్టండి, ఇష్టమున్నవారు వేస్తారు. పాసులు అమ్మి తీరాలంటే పాత పాటలు ఎంచుకోండి. రచయిత మరణించిన తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు గడిస్తే ఆ రచనపై హక్కు తీరిపోతుంది. ఉదాహరణకు, 1890లో మరణించిన తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌధరి కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు. సంప్రదాయ జానపదాలకూ ఇబ్బంది లేదు, అయితే ఏటా పండుగకు యూట్యూబులో వచ్చే కొత్త ‘జానపదాల’కు రచయితలూ యజమానులూ ఉంటారు. కరోకే ట్రాకు వాడితే ఆ రికార్డింగు మీద హక్కు విడిగా ఉంటుంది, అందువల్ల హార్మోనియమే మేలు.

శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకరు వాడకూడదు. మూసి ఉన్న హాలుకు వెసులుబాటు ఉంది గాని, చాలా చోట్ల విందు పక్కనున్న లాన్‌లోకి జరుగుతుంది, బాక్సులూ దాని వెంటే వెళ్తాయి. అలా చేసే ఉద్దేశం ఉంటే ముందే పోలీసుల అనుమతి తీసుకోండి.

ప్రశ్నించిన వారు

అందరికీ కృతజ్ఞతలు. పాసుల ఆలోచన విరమించి, విరాళాల పెట్టె పెట్టాలని సభ్యులకు చెప్పాను, ఒప్పుకున్నారు. సభను పాటతో మొదలుపెట్టడానికి అధ్యక్షుల వారు ఇంకా అవుననలేదు. పిల్లల రాకపోకలు, భోజనం గురించి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

జవాబు: ప్రధానోపాధ్యాయురాలు, దేవరకొండ

ఈ విషయంలో పాఠశాల వైపు నుంచి నా మాట వినండి. ముందుగా క్లబ్బు లెటర్‌హెడ్ మీద తేదీ, స్థలం, తిరిగి పంపే సమయం రాసి రెండు పాఠశాలలకూ ఇవ్వండి. తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు పాఠశాల ద్వారానే సేకరించాలి. పిల్లలతో ఇద్దరు ఉపాధ్యాయులు, వారిలో ఒక మహిళ తప్పనిసరిగా రావాలి. మిషనరీ పాఠశాలలకు క్రిస్మస్ సెలవులు ముందుగానే మొదలవుతాయి కాబట్టి, ఉమ్మడి సాధన అంతా సెలవులకు ముందే ముగించండి. పదో తరగతి పిల్లలకు ఆ రోజుల్లో ప్రత్యేక తరగతులు ఉంటాయి, వారిని అడగకపోవడమే మంచిది.

డిసెంబరు చివర ఆరు కాకముందే చీకటి పడుతుంది, చలి కూడా. ఐదున్నరకు పాట మొదలైతే ఆరుంబావుకు పిల్లలు దిగిపోతారు. వెంటనే వారికి కూర్చోబెట్టి వడ్డించండి, సభ్యుల బఫే తెరవడానికి ముందే. ప్లాస్టిక్ సంచిలో బిస్కెట్లూ కేకు ముక్కా పెట్టి పంపించివేయడం వద్దు, మీ ఇంటి పిల్లలు ఏది తింటే అదే పెట్టండి. బస్సు ఏడింటికల్లా బయలుదేరాలి. జ్ఞాపికలు ఇవ్వదలిస్తే పాఠశాలకు ఒకటి కాకుండా ప్రతి బిడ్డకూ చిన్నదైనా ఒకటి ఇవ్వండి, అతిథి కోసం ఆగకుండా మీ సభ్యులే ఇచ్చేయండి. ఈ సమయాలన్నీ పాఠశాలలకు ఇచ్చే ఉత్తరంలో రాసి, దాని కింద మీ అధ్యక్షుల వారి చేతనే సంతకం చేయించండి. ఆ తరువాత కార్యక్రమం మార్చడం ఆయనకూ కుదరదు.