పాత మారుతి ఎస్టీమ్ కారు పొల్యూషన్ టెస్టులో ఫెయిలవుతోంది, సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 3.8 శాతం చూపిస్తోంది. ఎక్కడ వెతకాలి?

ఏపీ35_ఎస్టీమ్ (విజయనగరం)

అందరికీ నమస్కారం. నాది 2006 ఎస్టీమ్, పెట్రోల్, బీఎస్-2 (అప్పటి పొల్యూషన్ నిబంధనల) బండి. నాకంటే ముందున్న ఓనరు చాలా మార్పులు చేయించాడు: హెడర్స్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే వేరే రకం పైపులు), ఫ్రీ ఫ్లో సైలెన్సర్, కోన్ ఫిల్టర్. హెడర్స్ చోట ఉండే ఒరిజినల్ మ్యానిఫోల్డ్‌తో పాటు క్యాట్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్) కూడా తీసేశారు, అవి రెండూ గోనెసంచిలో కట్టి బండితో పాటే ఇచ్చాడు. ఇప్పుడు ఆర్‌సీ రెన్యువల్ ఉంది, దానికి పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలి. బంకు దగ్గర వ్యాన్‌లో చూపిస్తే సీఓ 3.8 శాతం, హెచ్‌సీ (కాలకుండా మిగిలిన పెట్రోలు) 410 వచ్చాయి. మన బండికి లిమిట్ సీఓ 0.5, హెచ్‌సీ 750.

మెకానిక్ ప్లగ్గులు మార్చి, ఇంజెక్టర్లు క్లీన్ చేస్తే 3.6కి దిగింది, అంతే. ఇప్పుడు ఈసీఎం (పెట్రోలు ఎంత పడాలో నడిపించే కంప్యూటర్) మార్చాలంటున్నాడు. అంత డబ్బు పెట్టాక కూడా పాస్ కాకపోతే ఏమిటని టెన్షన్‌గా ఉంది. ఇంకొకాయన ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వల్లే అన్నాడు. మైలేజీ బాగా పడిపోయింది. చెక్ ఇంజిన్ లైట్ వెలగట్లేదు. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ కిందే ఉంటుంది కాబట్టి ఇంజిన్ వేడెక్కే సమస్య అయితే లేదు. నాన్నగారు కూడా ఈ బండిలోనే తిరుగుతారు, అమ్మేసే ఉద్దేశం లేదు.

బొబ్బిలి_రైడర్

బ్రదర్, ఇంత తలనొప్పి ఎందుకు? బండి చూడకుండానే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళున్నారు. ఆరు నెలలకోసారి అలా తెచ్చుకుంటే సరిపోతుంది.

ఎచ్చెర్ల_షెడ్డు (శ్రీకాకుళం)

తమ్ముడూ, ఈసీఎం జోలికి పోకు. ముందు ఆ టెస్టు స్లిప్పు చూడు, సగం జవాబు అందులోనే ఉంది. హెచ్‌సీ లిమిట్ లోపలే ఉంది, సీఓ ఒక్కటే పెరిగింది. అంటే మంట సరిగానే అంటుకుంటోంది గానీ గాలికి మించి పెట్రోలు పడుతోంది. మిస్‌ఫైర్ (మంట అంటుకోకపోవడం) ఉంటే ముందు హెచ్‌సీయే బాగా పెరిగిపోయేది, అందుకే ప్లగ్గులు మార్చినా పెద్ద తేడా రాలేదు. ఈ20ని అనడం కూడా న్యాయం కాదు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది, అది సీఓని తగ్గించే వైపే లాగుతుంది. ఇథనాల్‌కి పాత రబ్బరు పైపులు పాడయ్యే సంగతి వేరు, వాటిని ఎలాగూ చూసుకోవాలి.

క్యాట్ లేకపోవడం ఒక కారణమే, కానీ అదొక్కటే అయితే 3.8 రాదు. సెన్సర్లు బాగున్న ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) ఇంజిన్ క్యాట్ లేకపోయినా ఐడిలింగ్‌లో ఒక శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. కాబట్టి ఈసీఎంకి ఎక్కడి నుంచో తప్పు కబురు వెళ్తోంది.

ముల్లు కిందే ఉంటుందన్నావే, నా అనుమానమంతా అక్కడే. మన వైపు వేసవిలో ఒక్కసారి బండి వేడెక్కితే చాలు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) పీకేయడం చాలా షెడ్లలో అలవాటు. అది లేకపోతే నీళ్ళు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లోకి తిరిగేస్తాయి, ఇంజిన్ కావలసినంత వేడెక్కదు. ఈసీఎం ఏమో బండి ఇంకా చల్లగానే ఉందనుకుని పొద్దున్న స్టార్టింగ్‌కి ఇచ్చినట్టు పెట్రోలు ఎక్కువ ఇస్తూనే ఉంటుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా, రేడియేటర్ పై పైపు పట్టుకుని చూడు. థర్మోస్టాట్ ఉంటే పైపు కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి తర్వాత గబుక్కున వేడెక్కుతుంది, లేకపోతే మొదటి నుంచీ మెల్లగా గోరువెచ్చనవుతూ పోతుంది.

రెండోది హెడర్స్ ఇంజిన్‌కి బిగించే చోట ఉండే ప్యాకింగ్. ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో ఈసీఎంకి చెప్పేది) కంటే ముందు ఎక్కడ లీకున్నా బయటి గాలి లోపలికి పీలుస్తుంది. సెన్సర్‌కి ఆ గాలిలోని ఆక్సిజన్ కనిపించి పెట్రోలు తక్కువైందని చెబుతుంది, ఈసీఎం ఇంకా పోస్తుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, తడిగుడ్డ చుట్టి సైలెన్సర్ మూతి కాసేపు మూయించి, హెడర్స్ దగ్గర చెవి పెట్టు. టక్ టక్‌మని గాలి తన్నే శబ్దం వస్తే అక్కడే లీకు. వేడెక్కాక ఇనుము వ్యాకోచించి ఆ శబ్దం ఆగిపోవచ్చు, అందుకే చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ప్యాకింగ్ అంచున నల్లటి మసి చార కూడా ఉంటుంది.

మీటరుతో సెన్సర్ వోల్టేజీ కూడా చూడు. ఇంజిన్ బాగా వేడెక్కాక 0.1కీ 0.9కీ మధ్య అటూ ఇటూ కొట్టుకోవాలి. సీఓ ఇంత ఎక్కువున్నా వోల్టేజీ కిందే పడి ఉంటే అయితే లీకు, లేదంటే సెన్సర్ పోయినట్టు. ఇంకో మాట, తాళం ఆన్ చేసినప్పుడు చెక్ ఇంజిన్ లైట్ ఒకసారి వెలగాలి. అప్పుడు కూడా వెలగకపోతే బల్బు తీసేశారేమో చూడు.

సాలూరు_ఘాట్

పైన సర్టిఫికెట్ కొనుక్కోమన్న తమ్ముడికి ఒక మాట. సీఓకి రంగూ వాసనా ఉండవు. 3.8 శాతం వదిలే ఇంజిన్‌కి హెడర్స్ దగ్గరే లీకుంటే, ఆ గ్యాసు బానెట్ కింద చేరి బ్లోయర్ గుండా లోపలికి రావచ్చు. ఆ బండిలో తిరిగేది పెద్దాయన. కాగితం తెచ్చుకున్నంత మాత్రాన ఆ ప్రమాదం పోదు. దయచేసి అలాంటి సలహా ఇవ్వకండి. ఎస్టీమ్ ఓనరు గారూ, లీకు తేలేదాకా అద్దాలు దించుకుని నడపండి.

ఏపీ35_ఎస్టీమ్

అన్నా, మీరన్నట్టే థర్మోస్టాట్ లేదు, విప్పి చూస్తే హౌసింగ్ ఖాళీ. కొత్తది వేయించాను, ఇప్పుడు ముల్లు సగానికి కాస్త కింద నిలబడుతోంది. హెడర్స్ దగ్గర మొదటి సిలిండర్ పక్కన మసి చార స్పష్టంగా ఉంది, ప్యాకింగ్ మార్పించాను. వోల్టేజీ అంతకుముందు 0.1 దగ్గరే కూర్చునేది, ఇప్పుడు కదులుతోంది. టెస్టులో సీఓ 0.9, హెచ్‌సీ 180. చాలా దిగింది కానీ 0.5 లోపలికి రాలేదు. సంచిలో ఉన్న పాత క్యాట్ పనికొస్తుందా, కొత్తది కొనాలా? సాలూరు గారూ, మీ మాట విన్నాక నాన్నగారిని కొన్నాళ్ళు బస్సులో వెళ్ళమన్నాను.

ఎచ్చెర్ల_షెడ్డు (శ్రీకాకుళం)

మిగిలిన తేడా క్యాటే. ఆ సంచి విప్పి, క్యాట్ ఒక వైపు టార్చి వేసి రెండో వైపు నుంచి చూడు. లోపల సన్న గళ్ళ జల్లెడలా ఉండి వెలుతురు సమంగా రావాలి. ఒక చోట కరిగి ముద్దకట్టినా, ఊపితే గలగలమన్నా అది పోయినట్టే. బాగుంటే హెడర్స్ తీసేసి ఒరిజినల్ మ్యానిఫోల్డ్‌తో సహా బిగించు, అప్పుడు సెన్సర్ కూడా కంపెనీ పెట్టిన చోటికే వస్తుంది. పవర్ కాస్త తగ్గితే తగ్గనీ. సెకండ్ హ్యాండ్ క్యాట్ మాత్రం లోపల చూడకుండా కొనకు, ప్లాటినం, పల్లాడియం, రోడియం కోసం లోపలిది తీసేసి ఖాళీ డబ్బా అమ్మేవాళ్ళున్నారు. లీకు, థర్మోస్టాట్ ముందే బాగుచేయించడం మంచిదైంది, అంత రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువై, నడిచే ఇంజిన్‌కి కొత్త క్యాట్ పెట్టినా కాలిపోయేది.

క్యాట్ బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది. టెస్టు రోజు నాతవలస జంక్షన్ దాకా వెళ్ళి, తిరిగి నేరుగా వ్యాన్ దగ్గరికే రా. లైన్ ఉంటే ఇంజిన్ ఆపకు. టెస్టు గొట్టాన్ని సైలెన్సర్ లోపలికి అడుగు మేర పెట్టమను, మూతి దగ్గరే పెడితే బయటి గాలి కలిసి లెక్క తప్పుతుంది. అప్పటికీ 0.5 దాటితే సెన్సర్ ముసలిదైందేమో చూద్దాం, స్లిప్పు ఫోటో ఇక్కడ పెట్టు.