ట్రాపుల నిండా ఈగలే, అయినా జామకాయలో పురుగు

నమస్తే అందరికీ. మాది జామ తోట, గట్టు మీద కొన్ని మామిడి చెట్లు. కాయ పైకి నిగనిగలాడుతుంటది, కోస్తే లోపల తెల్ల పురుగులు లుకలుక. పండు ఈగ అన్నారు, మిథైల్ యూజినాల్ ట్రాపులు (వాసనతో ఈగల్ని లాగి పట్టే డబ్బాలు) కట్టా, రెండు వారాలకే డబ్బాల్లో ఈగలు కుప్పలు పడ్డాయి, హమ్మయ్య అనుకున్నా గానీ కాయ మాత్రం అలాగే పోతోంది. రెండుసార్లు మందు కూడా కొట్టా. ఇంకా ఘాటుది ఏమన్నా ఉందా?

జవాబు:
ట్రాప్ బానే పనిచేస్తోందండీ, కాకపోతే అందులో పడేవన్నీ మగవే. ఆ వాసనకి ఆడ ఈగ రాదు, తొక్కలోకి గుచ్చి గుడ్లు పెట్టేదేమో ఆడది. మగవి బాగా తగ్గితే గుడ్లు తగ్గాలి, కానీ పక్క తోటలో ఎవరూ ఏమీ చేయకపోతే అక్కడ జతకట్టినవి మీ కాయ మీదకే వస్తాయి కదా. పురుగేమో కాయ లోపల, మందు తగిలేదెలా? ఇంతకీ రాలిన కాయలు ఏం చేస్తున్నారు?

అడిగినవారు:
చెట్టు కిందే వదిలేస్తున్నా, ఎరువవుతుందని.

జవాబు:
అమ్మో, ఈగల్ని మీరే పెంచుతున్నారు 😀 ఎదిగిన పురుగు కాయలోంచి బయటపడి పైపై మట్టిలోకి దూరి గోధుమ గింజలాగా మారుద్ది, ఎండాకాలం అయితే సుమారు 10 రోజులకి అందులోంచి ఈగ. రాలినవి రోజూ ఏరి మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతి గట్టిగా కట్టి ఎండలో పడేయండి, లేదా 2 అడుగుల లోతున పూడ్చండి. కంపోస్టు కుప్ప మీద మాత్రం వేయొద్దు.

ఇంకొకరు:
పై మాటే నాదీ. ఆడ ఈగకి గుడ్లు తయారవ్వాలంటే ప్రొటీన్ కావాలి, అందుకే ప్రొటీన్ ఎరలో మందు కలిపి చెట్టుకి ఒకట్రెండు చోట్ల ఆకుల మీద చల్లితే చాలు, తోటంతా తడపక్కర్లేదు. ఘాటు మందుల జోలికి పోకండి, నేను అలా వరసగా కొట్టి చీడల్ని తినే మిత్రపురుగుల్ని చంపుకున్నా, తర్వాత పిండినల్లి పట్టుకుంది, అది ఇంకో గోల. జామకి కాయ రంగు తిరగకముందే కవర్లు తొడగండి, కూలీ ఎక్కువే, కానీ నాకు బాగా పనిచేసింది అదే. మామిడి చెట్టు మీద పండనివ్వకుండా కాయ ముదరగానే కోసేయండి.

అడిగినవారు:
ఇప్పుడే రాలిన కాయ ఒకటి కోసి పళ్లెంలో పెట్టా, పురుగు ఉంగరంలా చుట్టుకుని టక్కున గెంతి కింద పడింది!! ఇన్నాళ్లూ చూడనే లేదు. రేపు పొద్దున్నే ఏరుడు మొదలు. ట్రాపులు ఉంచనా, తీసేయనా?

జవాబు:
ఉంచండి. ఎన్ని పడుతున్నాయో వారానికోసారి లెక్క రాసుకుంటే ఉధృతి ఎప్పుడు పెరుగుతుందో తెలుస్తుంది.