సెంట్‌ఓఎస్ 7లో "అప్‌డేట్లు లేవు" అంటోంది, సర్వర్ సేఫేనా?

రాత్రిడ్యూటీ:
మా స్టాక్ లెక్కల సాఫ్ట్‌వేర్ సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్ ఓఎస్ ఉన్న సర్వర్ మీద నడుస్తోంది. కోడ్ పీహెచ్‌పీ 5.4, డేటాబేస్ మరియాడీబీ 5.5. రాసిచ్చినవాళ్లు ఇప్పుడు దొరకడం లేదు. ప్యాకేజీలు తెచ్చే యమ్‌తో అప్‌డేట్ కొడితే మిర్రర్‌లిస్ట్ (డౌన్‌లోడ్ సర్వర్ల జాబితా) హోస్ట్ దొరకట్లేదని ఎర్రర్ వచ్చింది. రెపో ఫైల్లో ఆ లైను కామెంట్ చేసి, బేస్‌యూఆర్‌ఎల్‌ని పాత ప్యాకేజీలు దాచి ఉంచే వాల్ట్‌కి మార్చాక కొన్ని ప్యాకేజీలు దిగాయి. మళ్లీ కొడితే ఇక అప్‌డేట్లేమీ లేవంటోంది. ఇంక టెన్షన్ లేనట్టేనా? మేనేజర్ గారేమో నడుస్తున్నదాన్ని కదపొద్దంటున్నారు.

పాతకెర్నల్:
లేనట్టు కాదండీ. 2024 జూన్ 30తో సెంట్‌ఓఎస్ 7కి సపోర్ట్ అయిపోయింది. వాల్ట్‌లో అప్పటిదాకా వచ్చినవే ఉంటాయి, కొత్త ప్యాచ్ ఒక్కటీ చేరదు. లోపాలు బయటపడుతూనే ఉంటాయి, సరిచేసి పంపేవాళ్లే లేరు. ఇంతకీ అప్‌డేట్ తర్వాత రీబూట్ చేశారా? చేయకపోతే ఇంకా పాత కెర్నలే (ఓఎస్ మూలభాగం) నడుస్తుంటుంది.

రాత్రిడ్యూటీ:
చేశానండీ. ఇంకో డౌట్. దూరం నుంచి సర్వర్‌లోకి లాగినయ్యే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.4 చాలా పాతదని సెక్యూరిటీ స్కానర్ ఎర్రగా చూపిస్తోంది. 2024లో గోల చేసిన ఆ రెగ్రెషన్ (regreSSHion) లోపం మాకూ ఉన్నట్టా? ఎలివేట్ అనే అప్‌గ్రేడ్ టూల్‌తో నేరుగా, సెంట్‌ఓఎస్ బదులు వాడే ఆల్మాలినక్స్ 8కి వెళ్లిపోతే ఎలా ఉంటుంది?

కాన్ఫిగ్‌కాపలా:
ఆ లోపం మీకు లేదు. అది 8.5 నుంచి 9.8 ముందు దాకా ఉన్న వెర్షన్లలోది. అయినా ఈ స్కానర్లు చాలావరకు వెర్షన్ నంబరు చూసి భయపెడతాయి. సెంట్‌ఓఎస్ కూడా ఉన్న రెడ్‌హ్యాట్ కుటుంబంలో నంబరు మార్చకుండానే ప్యాచ్‌ని వెనక్కి తెచ్చి కలుపుతారు. ఏం కలిపారో ఆర్‌పీఎమ్ ప్యాకేజీ ఛేంజ్‌లాగ్‌లో సీవీఈ (లోపాల గుర్తింపు) నంబర్లతో సహా కనిపిస్తుంది. అయితే సెంట్‌ఓఎస్ 7కి ఆ పనీ 2024 జూన్‌తో ఆగిపోయింది.

ఎలివేట్ దగ్గర మాత్రం ఆగండి. ఓఎస్ మారడం పెద్ద కష్టం కాదు, మీ సాఫ్ట్‌వేరే పడిపోతుంది. 5.4 నాటి కోడంటే పాత మైఎస్‌క్యూఎల్ కనెక్ట్ ఫంక్షన్లు వాడి ఉండే అవకాశం ఎక్కువ. పీహెచ్‌పీ 7లో వాటిని పూర్తిగా తీసేశారు. ఆల్మా 8లో మామూలుగా దిగేది 7.2. అప్పుడు లాగిన్ పేజీ కూడా తెరుచుకోదు. ముందు కోడ్‌లో ఆ ఫంక్షన్లు ఎన్నిచోట్ల ఉన్నాయో గ్రెప్ (వెతికే కమాండ్) కొట్టి చూడండి.

నేనైతే పాతదాన్ని ముట్టుకోను. పక్కనే కొత్త ఆల్మా సర్వర్ పెట్టి, డేటాబేస్ డంప్ (మొత్తం కాపీ) అక్కడికి ఎక్కించి, కోడ్ సరిచేయిస్తాను. అక్కడ అంతా నడిచాకే మార్పు. ఆల్మా 8కి సెక్యూరిటీ ప్యాచ్‌లు 2029 దాకా వస్తాయి, సమయం ఉంది. మేనేజర్ గారి మాటా నిలబడుతుంది!

ఈలోగా ఆ సర్వర్‌కి ఇంటర్నెట్ తీసేయండి, లోపలికీ బయటికీ కూడా. వాడేవాళ్లు వీపీఎన్‌లోంచి రావాలి. ఎస్‌ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డ్ ఆపి కీ ఫైల్ లాగిన్ మాత్రమే ఉంచండి. డేటాబేస్ పోర్టు బయటికి కనిపించకూడదు.

పాతకెర్నల్:
డబ్బు కట్టి ప్యాచ్‌లు తెప్పించుకునే దారి కూడా ఉంది, టక్స్‌కేర్ లాంటివాళ్లు ఇస్తున్నారు. కోడ్ మార్చడం ఆలస్యమయ్యేలా ఉంటే అడిగి చూడండి.

రాత్రిడ్యూటీ:
గ్రెప్ కొట్టాను. దాదాపు ప్రతి ఫైల్లోనూ ఉన్నాయి. రేపు ఫైర్‌వాల్ పని మొదలుపెడతాను. వేరే మెషీన్‌లో డంప్ ఎక్కించి చూశాక మళ్లీ రాస్తాను.

కాన్ఫిగ్‌కాపలా:
ఎక్కించేముందు టేబుళ్ల క్యారెక్టర్ సెట్ (అక్షరాల ఎన్‌కోడింగ్) చూసుకోండి. లాటిన్1 అని ఉండి లోపల తెలుగు ఉంటే, దిగుమతయ్యాక పేర్లు గజిబిజి అక్షరాలుగా మారే ప్రమాదం ఉంది.