అట్లాంటా బెల్ట్‌లైన్ పక్కన పాతవాళ్లు మిగలాలంటే బిల్డర్‌ని ఏం అడగాలి?

కొత్త_పొరుగు:
మేం వెస్ట్‌సైడ్‌లో టౌన్‌హోమ్ కొనుక్కుని వచ్చాం, బెల్ట్‌లైన్ ట్రెయిల్‌కి (పాత రైలు దారుల మీద ఊరి చుట్టూ వేస్తున్న నడక, సైకిల్ బాట) నడిచి వెళ్లేంత దూరం. మా వీధిలో ఎక్కువమంది బ్లాక్ ఫ్యామిలీసే, తరాల్నుంచీ ఉన్నవాళ్లు, ఇప్పుడు ఒక్కొక్కరూ అమ్ముకుని వెళ్లిపోతున్నారు. పక్కింటి పెద్దావిడ మెయిల్‌బాక్స్ తెరిస్తే చాలు "మీ ఇల్లు క్యాష్‌కి కొంటాం" కార్డులే, చేత్తో రాసినట్టు కనపడే ఫాంట్‌లో ప్రింట్ చేసి మరీ పంపుతున్నారు. వాటి మధ్యలో కౌంటీ వాళ్ల టాక్స్ కాగితం. ఇప్పుడు మూలమీద ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్లు వస్తున్నాయట, బిల్డర్ 15 శాతం యూనిట్లు అఫోర్డబుల్, అంటే తక్కువ ఆదాయం వాళ్లకి తక్కువ రెంట్‌కి, అంటున్నాడు. వచ్చే ఎన్‌పీయూ (నైబర్‌హుడ్ ప్లానింగ్ యూనిట్, మా ఏరియా వాళ్ల కమిటీ) మీటింగ్‌లో ఓటు ఉంది. సపోర్ట్ చేయాలా వద్దా? అన్ని రకాలవాళ్లూ ఉండే వీధి అలాగే ఉండాలంటే ఏం అడగాలి?

లెక్కల_పిచ్చోడు:
15 శాతం అన్నాడంటే అది 80 శాతం ఏఎంఐ (ఏరియా మీడియన్ ఇన్‌కమ్, అంటే ఏరియాలో మధ్యస్థ ఆదాయం) ఆప్షన్ బ్రో. 2018 నుంచి బెల్ట్‌లైన్ చుట్టుపక్కల సిటీ రూలే అది, కొత్తగా కట్టే రెంటల్‌లో 10 శాతం యూనిట్లు ఏఎంఐలో 60 శాతం లోపు ఆదాయం ఉన్నవాళ్లకి ఇవ్వాలి, లేదంటే 15 శాతం యూనిట్లు 80 శాతం లోపు వాళ్లకి. అంటే ఆయనేదో దానం చేస్తున్నట్టు చెప్తున్నాడు గానీ చట్టం చెప్పిందే చేస్తున్నాడు. పైగా ఏఎంఐ అనేది మొత్తం మెట్రోది, ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్ లాంటి సబర్బ్‌లలో ఉండే మన ఐటీ వాళ్ల జీతాలు కూడా ఆ లెక్కలోనే పడతాయి, మీ వీధి వాళ్ల ఆదాయానికి అందులో 80 శాతం అంటే చాలా ఎక్కువే. అన్నీ స్టూడియోలే ఇస్తాడా, రెండు మూడు బెడ్‌రూమ్‌లవి ఉన్నాయా అని గట్టిగా అడగండి. పిల్లలున్నవాళ్లు స్టూడియోలో ఏం చేస్తారు? ఇంకోటి, ఆ కండిషన్ 20 ఏళ్లకే, తర్వాత మార్కెట్ రెంటే.

సూటిగా_చెప్తా:
అసలు కట్టనివ్వకపోతే వచ్చే డబ్బున్నవాళ్లంతా ఆ పాత ఇళ్ల మీదే పడతారు, రేట్లు ఇంకా పెరుగుతాయి. జార్జియాలో రెంట్ కంట్రోల్ పెట్టడానికి స్టేట్ లా ఒప్పుకోదు కూడా. ఇక రేస్ సంగతంటారా, కోటా పెట్టి కాపాడదాం అంటే కుదరదు. బ్రూక్లిన్‌లో స్టారెట్ సిటీ అని పెద్ద కాంప్లెక్స్, తెల్లవాళ్లు ఖాళీ చేసి పోకుండా దాదాపు 64 శాతం వాళ్లకే ఉంచేవారు, దాంతో బ్లాక్ అప్లికెంట్లు వెయిటింగ్ లిస్ట్‌లోనే ఉండిపోయేవాళ్లు. 1988లో అప్పీల్స్ కోర్టు కొట్టేసింది, ఇళ్ల విషయంలో రేస్ వివక్ష కూడదనే 1968 ఫెయిర్ హౌసింగ్ యాక్ట్‌కి విరుద్ధమని.

పడమటి_గాలి:
@సూటిగా_చెప్తా కోటా కుదరదు నిజమే, కానీ అడ్రస్ చూడొచ్చు కదండీ. పోర్ట్‌లాండ్‌లో అల్బైనా ఏరియా నుంచి ఫ్రీవే కోసం, హాస్పిటల్ విస్తరణ కోసం బ్లాక్ ఫ్యామిలీస్‌ని లేపేశారు. ఇప్పుడక్కడ సిటీ డబ్బుతో కట్టే ఇళ్లకి మీరో మీ అమ్మానాన్నలో తాతలో ఆ ఏరియాలో ఉన్నారా అని చూసి ప్రాధాన్యం ఇస్తారు, రేస్ ఎక్కడా అడగరు. అయితే చాలామంది వెళ్లిపోయాక వచ్చింది ఆ పాలసీ, నా బాధ అదే. స్థలం చవగ్గా ఉన్నప్పుడే చేతిలో పెట్టుకోవాలి. బోస్టన్ రాక్స్‌బరీలో డడ్లీ స్ట్రీట్ వాళ్లు అదే చేశారు, 1988లో ఖాళీ స్థలాలు సేకరించే అధికారం ఏకంగా జనాల సంస్థకే వచ్చింది. భూమి జనాల ట్రస్ట్‌ది, ఇల్లు కొన్నవాళ్లది, అమ్మితే ధరకి పరిమితి. బూమ్ వచ్చినా ఆ ఇళ్లు మళ్లీ మామూలు జీతాల వాళ్లకే వెళ్తాయి. బెల్ట్‌లైన్ ఐడియా 1999లో తన థీసిస్‌లో రాసిన రయన్ గ్రావెల్ కూడా, అఫోర్డబిలిటీ మీద సరిగ్గా పట్టించుకోవట్లేదని 2016లో బెల్ట్‌లైన్ పార్ట్‌నర్‌షిప్ (ఆ ప్రాజెక్టుకి అండగా ఉండే సంస్థ) బోర్డు నుంచి తప్పుకున్నాడు, ఇంక చూస్కోండి.

కొత్త_పొరుగు:
థాంక్స్ అందరికీ. 60 ఏఎంఐ ఆప్షన్, పెద్ద యూనిట్లు, ఈ రెండూ అడుగుతా. మరి పెద్దావిడ సంగతి? అపార్ట్‌మెంట్ వచ్చినా రాకపోయినా ఆవిడకి టాక్స్ తప్పదుగా.

రమణక్క_డికేటర్:
తమ్ముడూ, మీటింగ్ కంటే ముందు ఆ పని చూడు, ఎన్‌పీయూ ఓటు ఎలాగూ సలహా మాత్రమే. కౌంటీ ఇంటి విలువ కట్టి పంపే అసెస్‌మెంట్ నోటీసు మీద ఉన్న తేదీ నుంచి 45 రోజుల్లోపు అప్పీల్ చేయొచ్చు, చాలామంది అదేదో బిల్లనుకుని పక్కన పడేస్తారు. హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతింట్లో ఉండేవాళ్లకి టాక్స్ తగ్గింపు) ఉందా, వయసు బట్టి వచ్చేవి పెట్టుకుందా అడుగు. ఇంగ్లిష్ అవెన్యూ, వైన్ సిటీ వైపు అయితే పెరిగిన టాక్స్ కట్టిపెట్టే ఫండ్ కూడా 2017లో పెట్టారు, ఇంకా తీసుకుంటున్నారేమో కనుక్కో. అన్నిటికన్నా ముఖ్యం, డీడ్ ఎవరి పేరు మీద ఉంది? వీలునామా లేకుండా పోయిన వాళ్ల నాన్న పేరు మీదే ఉండిపోతే వారసులందరికీ వాటా ఉంటుంది, ఎక్కడో ఉన్న ఒక్క కజిన్ దగ్గర వాటా కొనేసి కోర్టుకెళ్లి ఇల్లంతా అమ్మకానికి పెట్టించే ఇన్వెస్టర్లు ఉంటారు. అలాంటి కేసులు లీగల్ ఎయిడ్ వాళ్లు ఫ్రీగా చూస్తారు. ఆ కార్డులకి మాత్రం ఫోన్ చేయొద్దని చెప్పు.