టెక్సాస్‌లో 26,000 పౌండ్లు దాటిన మోటర్‌హోమ్‌కి క్లాస్ సి లైసెన్స్ చాలుతుందా?

ప్లేనో_బాటసారి:
కాలిఫోర్నియా నుంచి టెక్సాస్‌కి మకాం మారుస్తున్నాం. బండి 38 అడుగుల డీజిల్ పుషర్ (ఇంజిన్ వెనక ఉండే మోటర్‌హోమ్), స్టిక్కర్ మీద జీవీడబ్ల్యూఆర్ (సరుకుతో సహా బండికి తయారీదారు ఇచ్చిన గరిష్ఠ బరువు) 32,000 పౌండ్లు. అక్కడ మామూలు కారు లైసెన్స్ అయిన క్లాస్ సి సరిపోయింది. ఇక్కడ క్లాస్ బి కావాలని కొందరు, అక్కర్లేదని కొందరు అంటున్నారు. ఏది నిజం?

ఆర్వీ_అభిమాని:
అక్కర్లేదండీ. సొంతానికి వాడుకునే ఆర్వీకి (మోటర్‌హోమ్ లాంటి బండికి) సీడీఎల్ (కమర్షియల్ డ్రైవర్ లైసెన్స్) నుంచి మినహాయింపు ఉంది. ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 522.004 చూడండి. ఫెడరల్ సీడీఎల్ రూలు కూడా వ్యాపారానికి తిరిగే బళ్లకే. ఉన్న లైసెన్స్‌తో హాయిగా నడుపుకోండి.

గోదారి_గట్టు:
మినహాయింపు ఉన్నమాట నిజమేగానీ, అది సీడీఎల్‌కి మాత్రమే. మామూలు లైసెన్సుల తరగతులు 521వ చాప్టర్‌లో ఉన్నాయి. 521.082 ప్రకారం 26,001 పౌండ్లు, ఆపైన జీవీడబ్ల్యూఆర్ ఉన్న ఒక్క బండికి క్లాస్ బి ఉండాలి. సొంతానికా, కిరాయికా అన్న తేడా అక్కడ లేదు. కాబట్టి ఈ బండికి నాన్-సీడీఎల్ క్లాస్ బి తప్పనిసరి. వెనక జీప్ కట్టుకున్నా, దాని జీవీడబ్ల్యూఆర్ 10,000 దాటనంత వరకు క్లాస్ బి చాలు. అంతకన్నా బరువైన ట్రైలర్ తగిలిస్తే క్లాస్ ఎ.

కాలిఫోర్నియాలో క్లాస్ సి సరిపోవడం కూడా నిజమే. అక్కడ మోటర్‌హోమ్‌కి చూసేది పొడవు. 40 అడుగుల దాకా క్లాస్ సి, అది దాటి 45 దాకా నాన్-కమర్షియల్ క్లాస్ బి. న్యూయార్క్‌లో అయితే 26,000 దాటితే ఆర్ ఎండార్స్‌మెంట్ (లైసెన్స్ మీద వేసే అదనపు అనుమతి). ఒక రాష్ట్రం రూలు ఇంకో రాష్ట్రంలో చెల్లుతుందనుకోవడంతోనే ఈ తికమకంతా.

ఆర్వీ_అభిమాని:
సరే, 521 సంగతి ఒప్పుకుంటాను. కానీ ట్యాంకులు ఖాళీ చేసి క్యాట్ స్కేల్ (ట్రక్కులు తూచే కాటా) మీద పెడితే చాలా బళ్లు 26,000 లోపే తూగుతాయి కదా?

గోదారి_గట్టు:
తూకంతో పని లేదండీ. లైసెన్స్‌కి లెక్క తయారీదారు ఇచ్చిన రేటింగే, డ్రైవర్ సీటు దగ్గర స్టిక్కర్ మీద ఉండే అంకె. మోటర్‌హోమ్‌లు కట్టే ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్ పెద్ద రేటింగ్ సరిగ్గా 26,000 కావడం గమనించండి, గీతకి ఒక్క పౌండు కింద. తూకం పనికొచ్చేది టైర్లకీ ఇరుసులకీ. 100 గ్యాలన్ల నీళ్లు నింపితేనే 830 పౌండ్లు పెరుగుతాయి.

హ్యూస్టన్_హైవే:
చట్టం సంగతి గోదారి గారు సరిగ్గా చెప్పారు. నా గొడవ ఆ చట్టంతోనే. 26,000 రేటింగ్ ఉన్న 36 అడుగుల పెట్రోల్ బండికి ఏ పరీక్షా లేదు. వెనక ఇరుసు దాటి 10 అడుగులుంటే, పెట్రోల్ బంకులో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు తోక రెండో వైపుకి దాదాపు 3 అడుగులు ఊగుతుంది. పంపు పక్క స్తంభాలకి గీసుకునేది అందుకే. పొడవు చూసే కాలిఫోర్నియా పద్ధతే మేలు.

గోదారి_గట్టు:
తోక గురించి చెప్పింది నిజమే. కానీ గీసుకుంటే పోయేది పెయింటు, బ్రేకు పోతే ప్రాణాలు. పొడవొక్కటే చూస్తే 38 అడుగుల ఎయిర్ బ్రేక్ (గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకు) బండి ఏ పరీక్షా లేకుండా రోడ్డెక్కుతుంది, కాలిఫోర్నియాలో జరుగుతున్నది అదే. అక్కడ ఐ-5 హైవే మీద గ్రేప్‌వైన్ అనే కొండ దిగుడు వాలు 6 శాతం. ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్ పొగను అడ్డుకుని వేగం తగ్గించేది) వేసి గేర్ తగ్గించకుండా పెడల్ మీదే కాలుంచితే డ్రమ్ములు వేడెక్కి పట్టు పోతుంది.

లైసెన్స్ అడిగినా అడక్కపోయినా ఈ ఎయిర్ బ్రేక్ పరీక్ష నేర్చుకోండి. చదునైన చోట చక్రాలకి దిమ్మలు పెట్టి, గాలి పూర్తిగా నిండాక ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేక్ వదలండి. నిమిషంలో గేజి 2 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కన్నా ఎక్కువ పడకూడదు. పెడల్ గట్టిగా తొక్కిపట్టి ఇంకో నిమిషం చూస్తే 3 దాటకూడదు. తర్వాత కీ ఆన్‌లో ఉంచి పెడల్ తొక్కుతూ వదులుతూ ఉంటే 60 దరిదాపుల్లో బజర్ మోగాలి. 20కీ 45కీ మధ్య పార్కింగ్ బ్రేక్ పసుపు నాబ్ దానంతటదే బయటికి రావాలి. రాకపోతే బండి కదపొద్దు.

ప్లేనో_బాటసారి:
అర్థమైంది అండీ. మరి ఏది ముందు చేయాలి?

గోదారి_గట్టు:
వచ్చాక 90 రోజులు పాత రాష్ట్రం లైసెన్స్‌తో నడపొచ్చు. బండి రిజిస్ట్రేషన్‌కి మాత్రం 30 రోజులే. మెలిక ఎక్కడంటే, డీపీఎస్ (టెక్సాస్‌లో లైసెన్సులిచ్చే శాఖ) ఆఫీసులో కాలిఫోర్నియా కార్డు ఇచ్చేశాక చేతికొచ్చేది క్లాస్ సి. అప్పట్నుంచి క్లాస్ బి పాసయ్యేదాకా ఈ బండిని ఒంటరిగా తియ్యకూడదు. లెర్నర్ పర్మిట్ తీసుకుని, 21 దాటిన క్లాస్ బి లేదా ఎ లైసెన్సుదారుణ్ని పక్కన కూర్చోబెట్టుకోవాలి. టెస్టుకి బండి తీసుకెళ్లేటప్పుడూ అంతే. అందుకని ఆ మనిషిని ముందే మాట్లాడుకుని, తర్వాతే కార్డు ఇవ్వండి.

రాతపరీక్షకి టెక్సాస్ కమర్షియల్ డ్రైవర్ హ్యాండ్‌బుక్‌లో 14వ చాప్టర్ చదవండి. పెద్ద బండికి రోడ్ టెస్ట్ పెడతారో లేదో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ ఆఫీసులో అడగండి.